సర్ రాబర్ట్ హార్లే నిష్ఠాపరుడా, ఇల్లాలిని కోటలో వదిలేసినవాడా?

పాతపుస్తకం:
1640ల్లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధం గురించి చదువుతున్నాను. పార్లమెంటులో కూర్చున్న ప్యూరిటన్ (చర్చిలో విగ్రహాలూ ఆడంబరాలూ కూడదనే నిష్ఠాపరుల వర్గం) జమీందారు ఎలా ఉండేవాడో తెలియాలంటే హెరిఫర్డ్‌షైర్ సభ్యుడు సర్ రాబర్ట్ హార్లే (1579–1656)ని చూడాలి. ఊరు బ్రాంప్టన్ బ్రయన్. కొన్నేళ్లు టంకశాల అధిపతి కూడా. జిల్లాలోని పెద్ద కుటుంబాలు చాలావరకు రాజు వైపు వెళ్తే ఈయన పార్లమెంటు వైపు నిలబడ్డాడు. పాత స్నేహాలు చెడ్డాయి, కౌళ్లు ఆగిపోయాయి, చివరికి కోట నేలమట్టమైంది. అయినా మాట మార్చలేదు. అలాంటి మనిషిని "మతపిచ్చి" అని ఒక్క ముక్కలో తోసెయ్యడం అన్యాయం.

గౌతమి:
కోట సంగతి రాశారు, ఆ కోటలో ఎవరున్నారో రాయలేదేం? మూడో భార్య బ్రిలియానా, చిన్నపిల్లలు. ఆయన లండన్‌లో. తాను వెళ్లిపోవాలనుకుంటున్నట్టు ఆమె ఉత్తరాల్లో ఉంది. ఇంటిపట్టునే ఉండడం క్షేమమని ఆయన అభిప్రాయం. 1643 జూలై 26న రాజు పక్షంవాళ్లు దాదాపు ఏడు వందలమంది వచ్చి చుట్టుముట్టారు. ఏడు వారాలు. వంటమనిషి తూటా తగిలి చనిపోయాడు. ముట్టడి ఎత్తేశాక అక్టోబర్ చివర్లో జబ్బుచేసి ఆమె కూడా పోయింది. ఆ ఏడాది ఈయనగారి పని ఏమిటంటే, విగ్రహాలూ రంగుటద్దాలూ పగలగొట్టించే కమిటీకి అధ్యక్షత.

పాతపుస్తకం:
తేదీలు కలిపెయ్యకండి. లండన్‌ చీప్‌సైడ్ వీధిలోని పెద్ద శిలువను కూల్చింది మే 2న. ముట్టడి మొదలైంది జూలై 26న. భార్య గుండ్ల మధ్య ఉంటే ఈయన శిలువలు కూలుస్తున్నాడన్నట్టు రాశారు. అది నిజం కాదు.

ఓరుగల్లు_బిడ్డ:
ఆవిడను అబలను చేస్తున్నరు మీరిద్దరూ. ఓ యాభైమంది తుపాకీవాళ్లతోని అంతమందిని నిలువరించింది. అటు రాజుకు అర్జీ పెట్టుకుంట, ఇటు సంధి మాటలు సాగదీసుకుంట కాలం గడిపింది. ముట్టడి పోంగనే దగ్గరి ఊరు నైటన్‌లో ఉన్న రాజు మనుషుల మీదికి తనే దాడి పంపింది.

గౌతమి:
పాతపుస్తకం గారూ, ఆ మధ్య నెలల గురించే నేనూ అడుగుతున్నాను. కోట అప్పగించమని మార్చిలోనే హెరిఫర్డ్‌లోని రాజు పక్షం నుంచి తాఖీదు వచ్చింది. ఏప్రిల్ చివర్లో పార్లమెంటు సేనాని వాలర్ హెరిఫర్డ్ పట్టుకుని, మేలో వదిలేసి వెళ్లాడు. ఆ కొన్ని వారాలూ దారి కొంచెం తెరిపిగా ఉంది. భార్యాపిల్లలను పిలిపించుకోవాలంటే అదే అదను. సరిగ్గా ఆ వారాల్లోనే కమిటీ ఏర్పడింది, శిలువ కూలింది. తేదీలు నేను కలపలేదు, అవే కలిసి ఉన్నాయి.

పాతపుస్తకం:
యజమాని ఇల్లు ఖాళీ చేస్తే ఆ మర్నాడే శత్రువు అందులో దిగేవాడు. కోటను నమ్ముకుని వచ్చిన వాళ్ల గతేమిటి? పైగా ఆమెదీ అదే విశ్వాసం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివే పెద్దకొడుకు నెడ్‌కు రాసిన ఉత్తరాలు చూడండి. ఒకపక్క కేకులు పంపడం, ఒంట్లో ఎలా ఉందని అడగడం, మరోపక్క దైవభక్తి తప్పొద్దని చెప్పడం. భర్త నమ్మినదే ఆమె కూడా నమ్మింది. మీ జాలి ఆమెకు అక్కర్లేదు.

గౌతమి:
నమ్మిందనే పేరుతో మోయించడం నాకు బాగా తెలుసు. మా నాన్న యూనియన్ నాయకుడు. సమ్మె రోజుల్లో ఆయన సభల్లో ఉంటే అప్పులవాళ్లు మా అరుగు మీద కూర్చునేవాళ్లు. వాళ్లకు సమాధానం చెప్పిందీ, గాజులు అమ్మిందీ అమ్మ. నాన్న పోయాక సంతాపసభలో ఆయన త్యాగం గురించి గంటలు మాట్లాడారు. అమ్మ పేరు వేదిక మీద ఒక్కరూ ఎత్తలేదు.

పాతపుస్తకం:
మీ ఇంటి కోపాన్ని మూడున్నర శతాబ్దాల కిందట పోయిన మనిషి మీద తీర్చుకుంటున్నారు. దాన్ని చరిత్ర అనరు.

గౌతమి:
మీరు పొగిడే మగాళ్ల వెనక ఇళ్లు ఎలా నడిచాయో అడగడమూ చరిత్రే. మర్యాదగా మాట్లాడండి.

లీసెస్టర్_తెలుగు:
బ్రాంప్టన్ బ్రయన్ చూశాను. కోటలో మిగిలింది కొన్ని మొండిగోడలే. పక్కనున్న చర్చి యుద్ధంలో పాడైతే హార్లేనే 1656లో మళ్లీ కట్టించాడు. ఆయన పోయింది ఆ ఏడాదే.

పాతపుస్తకం:
సరే, నేనూ సూటిగా చెబుతాను. మా తాత ఎప్పుడూ గెలిచే పార్టీలోనే ఉన్నాడు. ఇంట్లో అందరికీ స్థలాలు, ఉద్యోగాలు. అడిగితే "పిల్లల కోసమే కదరా" అనేవాడు. మా ఊళ్లో ఆయన పేరు చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. హార్లే అలా కాదు. 1648 డిసెంబర్ నాటికి గెలిచింది ఆయన పక్షమే. ఆ పక్షపు సైన్యానికే తలూపితే సుఖంగా ఉండేవాడు. ఊపలేదు. ప్రైడ్ అనే కల్నల్ పార్లమెంటు గుమ్మం దగ్గర నిలబడి సభ్యులను ఏరేసినప్పుడు తండ్రీకొడుకులిద్దరూ నిర్బంధంలోకి వెళ్లారు. ఇల్లు, ఇల్లు అని మీరంటుంటే నాకు మా తాతే వినిపిస్తున్నాడు.

గౌతమి:
ఇప్పుడు అర్థమైంది, మనం పోట్లాడేది తేదీల గురించి కాదు. 1648లో కష్టం పడింది నిర్ణయం తీసుకున్నవాళ్లే, అందుకు నేనూ నమస్కారం పెడతాను. కానీ 1644లో రెండో ముట్టడికి కోట పడింది. తల్లిలేని ఆ పిల్లలను బందీలుగా పట్టుకెళ్లారు. వాళ్లు ఏ పక్షమూ ఎంచుకోలేదు. మీ తాత చేసింది తప్పే. అంతమాత్రాన హార్లే చేసింది ఒప్పు అయిపోదు.

ఓరుగల్లు_బిడ్డ:
ఉత్తరాలు అచ్చయినయా అన్నా?

పాతపుస్తకం:
1854లో పాత చారిత్రక పత్రాలు అచ్చువేసే కామ్డెన్ సొసైటీ వేసింది. నేను చదివాను. అందులో భర్తను నిందించే మాట నాకు కనబడలేదు. గౌతమి గారు అది కూడా గమనించాలి.

గౌతమి:
నేనూ చదివాను. మొగుడికో, కొడుక్కో రాసే ఉత్తరంలో ఆ కాలపు ఇల్లాలు మొగుణ్ణి ఎక్కడ నిందిస్తుందండీ? వెళ్లిపోతానని అనడమే ఆమె చెప్పగలిగిన ఎదురుమాట. అది చెప్పింది.