చీమ కనిపిస్తుంది, నాన్న కనిపించడు: మా బాబు చూపు సంగతి బళ్ళో చెప్పాలా?

తెనాలి అమ్మ

అందరికీ నమస్కారం. మాది తెనాలి. మా బాబుకి నాలుగున్నరేళ్ళు. పుట్టుకతోనే ఆల్బినిజం, అంటే ఒంట్లో రంగు సరిగా తయారవదు. జుట్టు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. పుట్టిన రోజు నర్సమ్మ "దొరబాబు పుట్టాడమ్మా" అంది. ఇప్పటికీ మా వీధిలో అందరికీ వాడు దొరబాబే. మూడో నెలలో ఉయ్యాల్లో పడుకోబెట్టి పాడుతుంటే వాడి కళ్ళు నా మీద నిలవకుండా అటూ ఇటూ కదులుతున్నాయి. ఉయ్యాల ఊగుతోంది కదా, అందుకే అనుకున్నాను. ఉయ్యాల ఆపి చూశాను. కళ్ళు ఆగలేదు.

ఒంటికి రంగునిచ్చే మెలనిన్ కంటి లోపల కూడా ఉండాలని, అది లేకపోతే రెటీనా నడిమధ్యన సన్నటివి చూసే భాగం సరిగా తయారవదని డాక్టరు గారు చెప్పారు. అందుకే కళ్ళజోడు పెట్టినా పూర్తి చూపు రాదు. జోడుతో వాడి చూపు 6/36. మనకి 36 మీటర్ల నుంచి కనిపించేది వాడు 6 మీటర్ల దగ్గరికి వెళితే గానీ చూడలేడు. ఎండలో ఆ మాత్రం కూడా లేదు. కళ్ళు చికిలించి తల దించేసుకుంటాడు.

అసలే కనిపించని పిల్లాడంటే జనానికి అర్థమవుతుంది. వీడి సంగతే ఎవరికీ అర్థం కావడం లేదు. వరండాలో బోర్లా పడుకుని, గచ్చుకి ముక్కు ఆనించి చీమల బారు చూస్తాడు. ఏ చీమ నూక మోస్తోందో, ఏది ఖాళీగా వస్తోందో చెప్తాడు. అదే సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళ నాన్నని పోల్చుకోలేడు. "చీమ కనపడుద్ది గానీ నాన్న కనపడడా, అన్నీ నాటకాలు" అంటారు ఇంటికొచ్చినవాళ్ళు. వాడి ఎదురుగానే అంటారు.

పోయిన మాఘంలో రేపల్లెలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. నేను ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకున్నాను. వాడు నన్ను చీర రంగుతోనూ గొంతుతోనూ గుర్తుపడతాడు. భోజనాల దగ్గర ఆ గోలలో గొంతు వినపడదు కదా. అదే రంగు చీర కట్టుకున్న ఇంకొకావిడ కొంగు పట్టుకుని బంతి చివరిదాకా నడిచి వెళ్ళాడు. ఆవిడ వెనక్కి తిరిగి "ఎవరబ్బాయివి నాన్నా?" అనగానే కొంగు వదిలేసి అక్కడే నిలబడిపోయాడు. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి రెండు చేతులూ నిక్కరు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. ఏడవడం లేదు. నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని, "ముందు మాట్లాడు" అన్నాడు. "నేనేరా కన్నా" అన్నాక అప్పుడు వచ్చి నా కాళ్ళు చుట్టేసుకున్నాడు. ఆ రోజు నుంచి వాడి దగ్గరికి వెళ్ళే ముందు పేరు పెట్టి పిలిచి మరీ వెళుతున్నాను.

మాది మేనరికం. అత్తయ్యకి వాడంటే ప్రాణం. కానీ వాడు బొమ్మల పుస్తకం మొహానికి ఆనించుకుంటే చాలు, "ఉన్న చూపు కూడా పోతుంది నాయనా" అని లాగేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను పెరట్లోకి వెళ్ళానని కూడా ఆవిడ మనసులో ఉంది. నాకేమో మేనరికం వల్లే ఇలా అయిందా అని రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

ఇప్పుడు టెన్షన్ అంతా బడి గురించే. జూన్‌లో యూకేజీలో వెయ్యాలి. ఒక బళ్ళో ఉన్నదున్నట్టు చెప్తే "అంధుల బడిలో చేర్చుకోండమ్మా, మాకు కుదరదు" అన్నారు. అందుకని ఈసారి ఏమీ చెప్పకుండా చేర్చేద్దాం, తర్వాత వాళ్ళకే తెలుస్తుందిలే అంటున్నారు మా ఆయన. నాకు మనసొప్పడం లేదు. చెప్పాలా వద్దా? చెప్తే ఎలా చెప్పాలి? అత్తయ్యకి ఎలా నచ్చజెప్పాలి? ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

వరంగల్ నాన్న

చెల్లె, నీ పోస్టు మా ఇంట్లో ఇద్దరం చదివినం. కొంగు సంగతి దగ్గర మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది. మా పాపకు పుట్టుకతోనే రెండు కళ్ళలో శుక్లాలు. నెలల బిడ్డగా ఉన్నప్పుడే ఆపరేషన్లు అయినయి. మందపాటి అద్దాలు, మీ బాబు లాగే కళ్ళు కదులుతుంటాయి. ఇప్పుడు నాలుగో తరగతి.

ముందు అత్తమ్మ గారి భయం గురించి. దగ్గర పెట్టుకుని చూస్తే చూపు పోదు. ఇది మా డాక్టరమ్మ మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. పుస్తకం 30 సెంటీమీటర్ల దూరం నుంచి 15 సెంటీమీటర్లకు తెస్తే అక్షరం కంటికి రెట్టింపు అవుతుంది. పిల్లవాడు తనకు తానే భూతద్దం తయారు చేసుకుంటున్నాడన్నమాట. కళ్ళు కదిలే పిల్లల్లో చాలామందికి దగ్గరి వస్తువు చూసేటప్పుడు ఆ కదలిక కొంచెం తగ్గుతుంది కూడా. పుస్తకం లాగేస్తే వాడికున్న ఒక్క ఉపాయం లాగేసినట్టే. మీరు చెప్తే అత్తమ్మ వినకపోవచ్చు. ఈసారి చూపించడానికి వెళ్ళినప్పుడు ఆమెను వెంట తీసుకుపోండి.

మెడ వంగకుండా ఉండాలంటే ఏటవాలు బల్ల చేయించండి. మాది వడ్రంగి ప్లైవుడ్‌తో చేసి ఇచ్చిండు. కింద అంచుకు సన్నటి పట్టీ కొట్టిస్తే పుస్తకం జారదు. మా పాప ఇప్పుడు దాని మీద పడుకుని నిద్ర కూడా పోతుంది.

ఇంట్లో ముందు తిండి పళ్ళెం మార్చండి. స్టీలు కంచంలో పెరుగన్నం పెడితే మా పాప చేత్తో తడుముకునేది. మారాం చేస్తోందని కోప్పడినం కూడా, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే. తెల్లటి అన్నం, మెరిసే కంచం, పైన ట్యూబులైటు పడితే ఏది అన్నమో ఏది కంచమో తెలియలేదు ఆ బిడ్డకు. ముదురు నీలం ప్లేటు తెచ్చిన రోజు మెతుకు మిగల్చకుండా తిన్నది. అట్లనే మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ వేయించండి. పాలు ముదురు రంగు గ్లాసులో పోయండి.

బడి విషయానికొస్తే చెప్పాల్సిందే. కానీ జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. ఒక కాగితం మీద బాబుకు ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు, మీరేం చేస్తే చాలు, ఇవే రాయండి. మేము రాసింది ఇంతే: ముందు వరసలో కూర్చోబెట్టండి, కిటికీకి ఎదురుగా వద్దు. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి. పిలిచేటప్పుడు చెయ్యి ఊపకుండా పేరుతో పిలవండి. పుస్తకం దగ్గర పెట్టుకుంటే ఆపకండి. ఏటా జూన్‌లో కొత్త టీచరుకు ఆ కాగితం ఇస్తం. సన్నటి గీతల నోటుబుక్కు కనపడదు కాబట్టి ఆదివారం కూర్చుని నల్ల స్కెచ్ పెన్నుతో నేనే గీతలు గీస్తా. వారానికి ఇరవై పేజీలు పడతాయి.

ప్రత్యేక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అమ్మా, నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పనిచేస్తాను. "మాకు కుదరదు" అనే హక్కు ఆ బడికి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడి అయినా వైకల్యం కారణంగా పిల్లల్ని కాదనకూడదు. ఎక్కువ బాగున్న కంట్లో, జోడు పెట్టుకున్నా సరే, 6/18 కన్నా తక్కువగా 3/60 వరకు ఉంటే ఆ చట్టం దాన్ని లో విజన్ అంటుంది. మీ బాబు 6/36 ఆ లెక్కలోకి వస్తాడు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం రాసిచ్చే పత్రం, తీసుకోండి. మీ వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుంటే ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేస్తారు. 40 శాతం లేదా ఆ పైన వస్తేనే చాలా సదుపాయాలకు అర్హత. ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత విద్య కూడా అందులోనే. దగ్గర్లో ఉన్న మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది బడి వాళ్ళు తేల్చేది కాదు, ఆ ఎంపిక మీది. సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుందని చాలామంది అమ్మానాన్నలు వెనకాడతారు. పదో తరగతిలో అదనపు సమయం కావాల్సి వచ్చినప్పుడు పరుగులు పెట్టడం నేను చూస్తూనే ఉంటాను. సీబీఎస్ఈలో అయితే మూడు గంటల పరీక్షకి గంట అదనంగా ఇస్తారు.

మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. అక్కడి టీచరును మీతో పాటు బడికి రమ్మనండి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తక్కువగా ఉన్నవాళ్ళ కోసం ప్రత్యేక విభాగం ఉంది. ఒకసారి చూపిస్తే రంగు అద్దాలు, భూతద్దాల్లో బాబుకు ఏది పనికొస్తుందో చెప్తారు.

విశాఖ, బ్యాంకు ఉద్యోగి

అక్కా, నాకూ ఆల్బినిజమే. వయసు 31. మీ వారు అంటున్న దారిలో మా ఇంట్లో వెళ్ళారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మానాన్నా బళ్ళో ఏమీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. అందరికీ ఇలాగే కనిపిస్తుందనీ, వాళ్ళు తెలివైనవాళ్ళు కాబట్టి బోర్డు చదవగలుగుతున్నారనీ అనుకునేవాణ్ణి. మూడో తరగతి దాకా అంతే. పక్కవాడి నోట్సులో చూసి రాస్తే కాపీ కొడుతున్నానని మాస్టారు గోడకుర్చీ వేయించారు. ఆయన తప్పు కూడా కాదు, ఆయనకి తెలియదు. ఆటల పీరియడ్‌లో బంతి వచ్చేది కనపడదు, మొహానికి తగిలేది. కడుపునొప్పి అని క్లాసులో కూర్చునేవాణ్ణి. చూడలేకపోవడం కంటే, చూడగలిగినట్టు నటించడం నన్ను ఎక్కువ అలసటకి గురిచేసింది. పదకొండేళ్ళప్పుడు ఒక డాక్టరు గారు నాతోనే, మా నాన్నతో కాకుండా నాతోనే, "నీ కళ్ళు ఇలా పనిచేస్తాయి" అని బొమ్మ గీసి చెప్పారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మీ బాబుకి ఇప్పుడే చెప్పండి. నాలుగున్నరేళ్ళవాడికి అర్థమయ్యే మాటల్లో: "నీ కళ్ళకి దగ్గరివి బాగా తెలుస్తాయి, దూరంవి తెలియవు. తెలియకపోతే అడుగు." ఆ చివరి మాట రోజూ చెప్పండి. వాడు మీతో "ముందు మాట్లాడు" అన్నాడు చూడండి, నాకు పదిహేనేళ్ళు వచ్చేదాకా ఆ మాట నోట రాలేదు.

తోటి పిల్లలు మొదటి రోజే "నీ జుట్టు తెల్లగా ఎందుకుంది?" అని అడుగుతారు. వాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. "నేను ఇలాగే పుట్టాను" అంటే చాలు. పెద్దవాళ్ళు బొల్లి అనుకుంటారు, అంటుకుంటుందేమోనని పిల్లల్ని పక్కకి లాక్కుంటారు. ఇది బొల్లి కాదు. అసలు రెండూ అంటుకునేవి కావు. టీచరుకి ఆ ముక్క తప్పకుండా చెప్పండి. అంచు వెడల్పుగా ఉన్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ బళ్ళో ఒప్పుకోవాలని కూడా ఆ కాగితంలో రాయండి. మన ఎండలకి చర్మం కాలిపోతుంది. పెద్దయ్యాక దాని వల్ల చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

తల పక్కకి వంచి చూస్తుంటే సరిచేయకండి. ఆ కోణంలో కళ్ళ కదలిక తగ్గి బాగా కనిపిస్తుంది. నన్ను ఫోటోలకి "తల నిటారుగా పెట్టు" అని ఎంతమంది సతాయించారో.

ఇక మేనరికం మాట. ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. మా అమ్మానాన్నలది దూరపు సంబంధం కూడా కాదు, వేరే వేరే జిల్లాలు. అయినా నేను పుట్టాను. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది, అబద్ధం చెప్పను. కానీ మీ ఇద్దరిలో ఆ జన్యువు ఉందని మీకెలా తెలుస్తుంది? గ్రహణానికి దీనితో ఏ సంబంధమూ లేదు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందుగా జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

నేనిప్పుడు బస్సు నంబరు ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదువుకుంటాను. ఆఫీసులో మానిటరుని ముందుకీ వెనక్కీ కదిలే స్టాండుకి బిగించి మొహం దగ్గరికి లాక్కుంటాను. ఉద్యోగం లో విజన్ రిజర్వేషన్‌లోనే వచ్చింది. అది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

తెనాలి అమ్మ

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను, క్షమించండి. విశాఖ తమ్ముడు రాసింది మా ఆయన రాత్రి ఒక్కరే కూర్చుని చదివారు. పొద్దున్నే "కాగితం రాద్దాం పట్టు" అన్నారు. తప్పులతో మూడుసార్లు రాసి, నాలుగోసారి ఆయన దస్తూరీతో రాయించాను.

మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఇంకో బడికి వెళ్ళాం. యూకేజీ టీచరమ్మ చిన్నపిల్ల, కొత్తగా చేరిందట. కాగితం మొత్తం చదివి, బాబుని తన కుర్చీ పక్కన నిలబెట్టుకుని బోర్డు మీద "అ" రాసింది. "కనపడుతోందా?" అంది. వాడు నా వైపు తిరిగాడు. నేనేమీ అనలేదు. "లేదు. దగ్గరికి వెళ్ళి చూడొచ్చా?" అని అడిగాడు. వెళ్ళి సుద్దగీత మీద వేలు పెట్టి చదివాడు. ముక్కు మీదంతా సుద్దపొడి. ఇంకా సీటు ఖాయం చేయలేదు, హెడ్మాస్టరు గారితో సోమవారం మాట్లాడాలి. ఒప్పుకోకపోతే చట్టం సంగతి చెప్తాను, భవిత టీచరు గారు కూడా వస్తానన్నారు. సదరం స్లాట్ వచ్చే నెలకి దొరికింది.

అత్తయ్యని హైదరాబాద్ తీసుకెళ్ళాలి, అప్పటిదాకా పుస్తకం లాగడం పూర్తిగా మానలేదు. అయితే నిన్న పొద్దున వంటింట్లో చూస్తే, వాడి ఇడ్లీలు పైఅరలో ఎప్పుడో దాచిన నల్ల పింగాణీ ప్లేటులో పెట్టి ఉన్నాయి. నేను ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఈ పోస్టులన్నీ మా ఆయన చదివి వినిపించారట.

వరంగల్ అన్నయ్యా, ఆ ఏటవాలు బల్ల వెనకవైపు ఎత్తు ఎంత పెట్టించారు? మా వడ్రంగి కొలత అడుగుతున్నాడు.