ఇటలీ కొండ ఊర్లో బాగుచేసిన ఫ్లాట్, 42 వేల యూరోలు. బయానా ఇవ్వొచ్చా?

టవర్‌క్లాక్_అనంత

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. నేను, మా ఆవిడ ఇద్దరం టీచర్లుగా చేసి రిటైరయ్యాం. అబ్బాయి ఆరేళ్లుగా మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో మేము రెండు నెలలు వాడి దగ్గర ఉండి వచ్చాం. అప్పుడు కారులో ఇటలీ మధ్యలో ఉండే అబ్రుజ్జో ప్రాంతం వైపు తిప్పాడు. సుల్మోనా అనే టౌను దాటినాక కొండ మీద ఒక ఊరు, పేరు రాయొద్దు, బేరం చెడిపోతుంది అంటోంది మా ఆవిడ. అన్నీ రాతి ఇళ్లు, సందుల్లో కారు పట్టదు, సాయంత్రం అయితే ముసలివాళ్లు అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు మా తాతగారి ఊరు గుర్తొచ్చింది, అబద్ధం చెప్పను.

అక్కడ మొదటి అంతస్తులో 58 చదరపు మీటర్ల ఫ్లాట్ ఒకటి అమ్మకానికి ఉంది. మన లెక్కలో 620 చదరపు అడుగులు. రెండు గదులు, వంటగది, చిన్న బాల్కనీ. 42 వేల యూరోలు చెప్తున్నారు. యూరో వంద రూపాయల లెక్కన వేసుకుంటే 42 లక్షలు. ఒక్క యూరోకి ఇల్లు అని వార్తల్లో వస్తుంటాయి కదా, అలాంటి కూలిపోయిన కొంప కాదు ఇది, అంతా బాగుచేసి పెట్టారు. కొత్త బాత్‌రూం, కొత్త టైల్స్, గోడలన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ తప్పించుకుని ఏటా మూడు నెలలు అక్కడ ఉందామని ఆశ.

ఏజెంటు ఏమో, ఇంకొకరు కూడా చూస్తున్నారు, ఈ వారంలో 5 వేల యూరోలు బయానా ఇవ్వండి అని అబ్బాయిని తొందరపెడుతున్నాడు. ఇవ్వొచ్చా? ఎవరి పేరు మీద తీసుకోవాలి? డబ్బు ఇక్కడినుంచి ఎలా పంపాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

బురుజు_కర్నూలు

సార్, ముందు ఆ బయానా ఆపండి. నేను కర్నూలు వాడినే, తొమ్మిదేళ్లుగా తూరినోలో ఉన్నాను, ఇక్కడ కొండవైపు ఒక ఫ్లాట్ కొని చెయ్యి కాల్చుకున్నాను కాబట్టి చెప్తున్నా. ఇక్కడ బయానాని కపర్రా అంటారు. మీరు వెనక్కి తగ్గితే అది పోయినట్టే, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు తిరిగివ్వాలి, చట్టంలోనే ఉంది. మన దగ్గరిలాగా తెల్ల కాగితం మీద రాసుకుని తర్వాత పెద్దమనుషుల్ని కూర్చోబెట్టే పని కాదు. ఏజెంటు ఇచ్చే ఆఫర్ ఫారం మీద సంతకం పెట్టి, అమ్మేవాడు కూడా ఒప్పుకున్నాడంటే కట్టుబడినట్టే.

రెండోది, బాగుచేసింది ఎవరు? ఆ ఇంటివాళ్లే చేయించుకుని అమ్ముతున్నారా, లేక ఏదైనా కంపెనీ పాత ఇల్లు కొని రిపేర్లు చేసి అమ్ముతోందా? ఇది వట్టి అనుమానం కాదు, ట్యాక్సే మారిపోతుంది. మామూలు మనిషి దగ్గర కొంటే రిజిస్ట్రేషన్ ట్యాక్సు మీరు ఇచ్చే ధర మీద కాదు, కతాస్తో అనే ప్రభుత్వ రికార్డులో ఉన్న విలువ మీద వేస్తారు. ఆ రికార్డులో రెందిత అని ఒక అంకె ఉంటుంది, ఏజెంటుని అడిగితే చెప్తాడు. అది 250 అనుకోండి, 126తో గుణిస్తే 31,500, రెండో ఇల్లు కింద దానిమీద 9 శాతం అంటే 2,835 యూరోలు. అదే రిపేర్లు చేసిన కంపెనీయే పని పూర్తయిన 5 ఏళ్ల లోపల అమ్మితే వ్యాట్ పడుతుంది, 10 శాతం, అదీ అసలు ధర మీద. మీ 42 వేలకి 4,200. దీనిపైన ఏజెంటు కమిషన్, నొతాయో ఫీజు వేరే, నాకు నొతాయోకే రెండు వేల యూరోలు దాటింది.

నొతాయో అంటే మన నోటరీ కాదు సార్, స్టాంపు గుద్ది వంద రూపాయలు తీసుకునే టైపు కాదు. ప్రభుత్వ అధికారి లాంటివాడు, సబ్ రిజిస్ట్రార్, లాయరు, ఈసీ అన్నీ ఆయనలోనే ఉంటాయి. ఆస్తి మీద అప్పులు, తాకట్లు, వెనకటి లింకులు ఆయనే తీస్తాడు. కొండ ఊళ్లలో ఇళ్లకి వారసులు ఎక్కువ, ఒకరు అర్జెంటీనాలో, ఇంకొకరు బెల్జియంలో ఉంటారు, అందరి సంతకాలూ కావాలి. ఈ విషయంలో మాత్రం మన అన్నదమ్ముల పంపకాలకీ వీళ్లకీ ఏమీ తేడా లేదు.

కానీ గోడలు, గదులు ప్లాను ప్రకారం ఉన్నాయా లేదా అని నొతాయో ఇంటికొచ్చి చూడడు. దానికి జెయోమెత్రా అని సర్వేయర్ లాంటి మనిషి ఉంటాడు, మీరే పెట్టుకోవాలి. నా కథ ఇక్కడే మొదలైంది. అటక గదిని బెడ్‌రూం చేసి చూపించారు, కిటికీ కూడా పెట్టారు, మాకు చాలా నచ్చింది. తీరా చూస్తే ప్లానులో అది సామాన్ల అటక మాత్రమే, కిటికీ అసలు లేదు. 2010లో వచ్చిన రూలు ప్రకారం, రికార్డులో ఉన్న ప్లాను, నిజంగా ఉన్న ఇల్లు సరిపోకపోతే రిజిస్ట్రేషనే జరగదు. సరిచేసుకునేసరికి నాలుగు నెలలు, ఈలోగా నేను రెండు చోట్ల అద్దె కట్టా. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. కాబట్టి ప్లాను కాగితం చేతిలో పట్టుకుని గది గది తిరగమనండి మీ అబ్బాయిని.

పేరు విషయం: అబ్బాయికి ఉద్యోగం మీద పెర్మెస్సో (ఇక్కడ ఉండే పర్మిట్) ఉంది కదా, వాడి పేరు మీదే పెట్టండి. మీరు ఇండియాలో ఉంటూ మీ పేరున కొంటానంటే, మీ దేశంలో మావాళ్లని కొననిస్తారా అనే లెక్క తీస్తారు. భారత మూలాలు లేని, ఇండియాలో నివాసం లేని విదేశీయుడు రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా మన దగ్గర ఇల్లు కొనలేడు, కాబట్టి ఆ దారి తలనొప్పి. ఇంకో మాట, ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు. మీరు ఉండగలిగేది 180 రోజుల్లో 90 రోజులే, ఇల్లు ఉన్నా లేకపోయినా.

దేవునికడప

అన్నగారూ, వేసవిలో చూసిన ఇల్లు వేసవి ఇల్లే. నేను కూతురి పురుడుకి పోయి నవంబరు నుంచి మూడు నెలలు అక్కడ ఉన్నాను. అల్లుడు కంపోబాస్సో అనే టౌన్లో పరిశోధన చేసేవాడు, టౌన్లో అద్దె ఎక్కువని దగ్గర్లో ఒక కొండ ఊర్లో ఇల్లు తీసుకున్నారు. అది కూడా బాగుచేసిన ఇల్లే, తెల్లగానే ఉండేది. డిసెంబరు మొదటివారం బీరువా కొంచెం జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి మచ్చలు. వేలితో గీకితే పెయింటు పొర ఊడి, కింద ఉప్పులాంటి తెల్ల పొడి రాలింది. పిల్ల ఉయ్యాల ఆ గోడ పక్కనే ఉండేది, ఆ రాత్రికే ముందు గదిలోకి మార్చేశాం.

ఇంకోటి కరెంటు. అక్కడ ఇళ్లకి మామూలుగా 3 కిలోవాట్ల మీటరే ఇస్తారు. ఇండక్షన్ మీద పప్పు పెట్టి, గీజర్ వేసి, వాషింగ్ మెషిన్ కూడా తిప్పితే టక్కున పోయేది. మీటరేమో కింద వీధి గుమ్మం పక్కన. చలిలో 34 మెట్లు దిగి, మీట పైకెత్తి, మళ్లీ 34 మెట్లు ఎక్కాలి. లెక్క ఎలా తెలుసు అంటారా, ప్రతిసారీ లెక్కపెట్టుకుంటూ దిగేదాన్ని కాబట్టి.

ఆగస్టు 15కి అక్కడ పెద్ద పండగ, ఊరు కిటకిటలాడుతుందట. నేనున్నప్పుడు మా సందులో మాతో కలిపి మూడిళ్లలోనే దీపం వెలిగేది. బస్సు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఎదురింటి ముసలమ్మ మాత్రం బంగారం, భాష రాకపోయినా రోజూ వచ్చి పిల్లను ఎత్తుకునేది. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకుని ఆ తర్వాత ఇల్లు చూసుకోండి.

రాతిమేస్త్రీ_జమ్మలమడుగు

పై అమ్మ చెప్పింది వంద శాతం కరెక్టు. రాయి, సున్నం గోడ చెమ్మని పీల్చి వదిలేస్తుంది. మన పాత మిద్దె ఇళ్లలో ఆ మందం గోడలు చూసే ఉంటారు. దానిమీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ పెయింటు కొట్టారంటే చెమ్మ లోపలే ఇరుక్కుంటుంది, ఏడాదిలో చౌడెక్కి పెచ్చులు లేస్తాయి. ఇంకా తెలివైనవాళ్లు గోడకి ముందు జిప్సం బోర్డు నిలబెట్టి మూసేస్తారు. వేలి కణుపులతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే ఎందుకు మూశారో అడగండి.

అసలు భయం అది కూడా కాదు. ఆ ప్రాంతం భూకంపాల జోన్. లాక్విలా నగరం అక్కడికి ఎంతో దూరం లేదు, 2009 ఏప్రిల్ 6 భూకంపంలో 309 మంది పోయారు. పాత గోడల బయటివైపు ఇనుప పలకలు కనిపిస్తాయి, లోపల ఇనుప కడ్డీతో ఎదురెదురు గోడల్ని కట్టిపడేసినట్టు లెక్క. అవి ఉంటే మంచిదే. చెక్క పైకప్పు తీసేసి పాత రాతి గోడల మీద బరువైన కాంక్రీటు స్లాబు వేసి ఉంటే మాత్రం ఆలోచించండి. బాత్‌రూం టైల్స్ చూసి కాదు, పైకప్పు చూసి కొనాలి.

ప్రొద్దుటూరు_ఆడిటర్

డబ్బు సంగతి నేను చెప్తా. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం) కింద ఒక్కొక్కరు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు, కాబట్టి పరిమితి సమస్య కాదు. సమస్య టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి 10 లక్షలు దాటి పంపితే, దాటిన దానిమీద బ్యాంకు 20 శాతం పట్టుకుంటుంది. మీరొక్కరే 42 లక్షలు పంపితే 6 లక్షల 40 వేలు ఆగిపోతుంది. మీరు, మేడం చెరి సగం పంపితే 4 లక్షల 40 వేలు. అదే మార్చిలో కొంత, ఏప్రిల్లో కొంత, ఇద్దరి ఖాతాల నుంచి సమానంగా నాలుగు ముక్కలు చేస్తే మొత్తం 40 వేలే. మేడం పంపేది ఆమె సొంత డబ్బు అయ్యుండాలి, ఆమెకు పెన్షన్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పట్టుకున్నది ఎక్కడికీ పోదు, రిటర్న్‌లో సర్దుకోవచ్చు, కానీ అన్నాళ్లు మీ డబ్బు మీ చేతిలో ఉండదు కదా.

ఇల్లు అబ్బాయి పేరున అయితే మీది గిఫ్టు. మన దగ్గర కొడుక్కిచ్చే గిఫ్టు మీద పన్ను లేదు, అక్కడ కూడా తల్లిదండ్రులు ఇచ్చేదానికి 10 లక్షల యూరోల వరకు లేదు. మీ పేరున కొంటే మాత్రం ప్రతి ఏడాదీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి, మర్చిపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. ఒక క్లయింటుకి ఈ నోటీసు వచ్చినప్పుడు చూశాను, పెద్దాయన పది రోజులు సరిగా అన్నం తినలేదు.

బురుజు_కర్నూలు

ఆడిటర్ సార్, సూపర్. టవర్‌క్లాక్ సార్, ఏటా అయ్యే ఖర్చు చెప్పడం మరిచాను. రెండో ఇల్లు కాబట్టి ఇము అనే ఆస్తి పన్ను ఉంటుంది, జూన్ 16 లోపల సగం, డిసెంబరు 16 లోపల సగం. నేను వేసిన అదే 250 రెందితకి, ఊరు పెట్టిన రేటును బట్టి 360 నుంచి 445 యూరోల దాకా పడుతుంది. చెత్త పన్ను వేరే.

టవర్‌క్లాక్_అనంత

అందరికీ చాలా థ్యాంక్స్. మూడు వారాలు ఆగి రాస్తున్నాను. బయానా ఇవ్వలేదు. అబ్బాయి ఒక శనివారం ప్లాను కాగితం తీసుకుని పోయాడు. మాకు అంత నచ్చిన బాల్కనీ ఉందే, ప్లానులో అక్కడ కిటికీ ఉంది. తలుపు, బాల్కనీ రెండూ లేవు. అడిగితే, ఈ ఊర్లో అందరూ అలాగే చేసుకున్నారు, ఎవరూ పట్టించుకోరు అన్నాడట ఏజెంటు. ఈ మాట నేను మా కాలనీలోనే వంద సార్లు విన్నాను. పడకగదిలో ఒక గోడ తడితే డప్పులాగా మోగిందని కూడా చెప్పాడు. ఆ ఇంకొక పార్టీ ఏమైందో మరి, ఏజెంటు ఇప్పుడు 36 వేలకి దిగాడు.

మా ఆవిడ మాత్రం ఊరి మీద మనసు మార్చుకోలేదు. అదే ఊర్లో పైవీధిలో ఒక ఇల్లు అద్దెకు ఉందట, జనవరిలో పోయి రెండు నెలలు అందులో ఉండి చూద్దాం, ఆ తర్వాత కొనే మాట అంటోంది. వీసాకి ఎటూ వేసుకోవాల్సిందే. దేవునికడప అమ్మా, ఒక్క విషయం చెప్పండి. చలికి ఇల్లు వెచ్చగా ఉండటానికి స్టవ్వులో వేసే పెల్లెట్ (చెక్కపొట్టు గుళికల) బస్తాలు ఇంటిదాకా తెచ్చిస్తారా, మనమే మోసుకోవాలా?

దేవునికడప

సందు మొదట్లో దించేసి పోతారన్నా. బస్తా 15 కిలోలు. అక్కడినుంచి మెట్లు మీవే.