బుల్లెట్ క్లస్టర్ షాక్ దగ్గర గ్యాస్ సాంద్రత జంప్ సగమే వస్తోంది, సెంటర్ ఎక్కడ పెట్టాలి?

నమస్కారం. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం చంద్ర ఎక్స్-రే టెలిస్కోప్ పబ్లిక్ డేటాతో బుల్లెట్ క్లస్టర్ (ఢీకొన్న రెండు గెలాక్సీ గుంపులు, రెడ్‌షిఫ్ట్ 0.296) చూస్తున్నాను. ఢీకొని దూసుకొచ్చిన చిన్న గుంపు (దీన్నే బుల్లెట్ అంటారు) ముందు షాక్ తరంగం చక్కగా కనిపిస్తోంది, అచ్చం భావనపాడు దగ్గర పడవ ముక్కు ముందు నీళ్లు విల్లులా వంగినట్టు. చిక్కంతా లెక్కలోనే.

ప్రచురించిన మ్యాక్ నంబర్ (షాక్ వేగం గ్యాస్‌లో ధ్వని వేగానికి ఎన్ని రెట్లో) దాదాపు 3. ఆ లెక్కన గ్యాస్ సాంద్రత 3 రెట్లు, ప్రెజర్ 11 రెట్లు పెరగాలి. నాకు సాంద్రత 1.6 రెట్లు దాటట్లేదు.

పాయింట్ సోర్సులు తీసేశాను. బ్యాక్‌గ్రౌండ్ మార్చాను. ప్రకాశం కొలిచే వలయాల (బిన్‌ల) వెడల్పు 5 ఆర్క్‌సెకన్ల నుంచి 2కి తగ్గించాను. ఒక బీటా మోడల్ (సెంటర్ నుంచి దూరం పెరిగేకొద్దీ గ్యాస్ సాంద్రత ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రం) బదులు రెండు కలిపి ఫిట్ చేశాను (ఒక్కో రన్ గంటన్నర, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే). ఏం చేసినా 1.5, 1.7 మధ్యే తిరుగుతోంది. వింతేంటంటే, బుల్లెట్ అంచున కోల్డ్ ఫ్రంట్ (చల్లటి గ్యాస్, వేడి గ్యాస్ కలిసే సరిహద్దు) దగ్గర ప్రెజర్ రెండు వైపులా దాదాపు సమానంగా, రావాల్సినట్టే వస్తోంది. అక్కడ వలయాల సెంటర్ బుల్లెట్ మీదే పెట్టాను. షాక్‌కి మాత్రం పెద్ద క్లస్టర్ ఎక్స్-రే పీక్ మీద పెట్టాను. వలయాలు షాక్ వంపుతో కలవక అంచు చెరిగిపోతోందని నా అనుమానం.

ఇలాంటి ప్రొఫైల్ తీసినవాళ్లు చెప్పండి: షాక్ వంపుకి సరిపడే సెంటర్‌ని మీరు ఎలా పట్టుకుంటారు?