మాడిసన్‌లో పాత ఇళ్లు చూడాలి, అమ్మ కూడా వస్తోంది: సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. అట్లాంటా నుంచి ఐ-20 హైవే మీద తూర్పుగా గంట దూరంలో ఉన్న మాడిసన్‌కి వచ్చే శనివారం వెళ్దామనుకుంటున్నాం. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం జార్జియాలో దారిపొడవునా తగలబెడుతూ పోయినా, ఇక్కడి ఇళ్లు చాలావరకు మిగిలాయి.

నాకు అన్నిటికంటే రోజ్ కాటేజ్ చూడాలనుంది. బానిసత్వంలో పుట్టిన ఆడలైన్ రోజ్ అనే ఆవిడ ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ సంపాదనతో 1891లో కట్టుకున్న చిన్న చెక్క ఇల్లు అది. ఈ సంగతి చెప్పగానే అమ్మ "ముందు ఆ ఇల్లే చూపించు" అంది.

అమ్మ తెనాలి నుంచి వచ్చింది, మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పాత భవంతి హెరిటేజ్ హాల్‌లో మేడ ఎక్కకుండా కింది గదులు చూసి వచ్చేయొచ్చా? రోజ్ కాటేజ్ నుంచి అక్కడికి నడిపించొచ్చా, కారులో వెళ్లడమే నయమా? మధ్యలో కూర్చోడానికి నీడ ఉంటుందా?

ఇంకో ముఖ్యమైన విషయం. తెల్ల స్తంభాల భవంతుల అందం చెప్పి వదిలేయకుండా, వాటిలో వెట్టిచాకిరీ చేసినవాళ్ల బతుకుల గురించి కూడా చెప్పే గైడ్ ఉంటే బాగుంటుంది. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?