జూలైలో కొలంబస్‌లో సీనియర్ ఓపెన్ గోల్ఫ్: ఒక్కరోజే చూడగలిగితే ఏ రోజు వెళ్లాలి?

కోనసీమ డ్రిల్ మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి, పోయిన సంవత్సరం 62 ఏళ్లకి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ పక్కన డబ్లిన్ అనే ఊళ్లో ఉంటాడు. మే నెలాఖరుకి మా ఆవిడా నేనూ వాడి దగ్గరికి వెళ్తున్నాం. కాలవలకి నీళ్లొదిలే రోజుల్లో ఊళ్లో లేకపోవడం నాకిదే మొదటిసారి. ఆకుమళ్లు, దమ్ములు అన్నీ మా తమ్ముడు చూసుకుంటానన్నాడు.

మొన్న అబ్బాయి ఫోన్ చేసి, జూలై 2 నుంచి 5 దాకా అక్కడ సయోటో కంట్రీ క్లబ్‌లో యూఎస్ సీనియర్ ఓపెన్ జరుగుతుందని, యాభై నిండినవాళ్లకి మాత్రమే అని, చూస్తావా నాన్నా అని అడిగాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

నాకు గోల్ఫ్ రాదు, కర్ర కూడా ఎప్పుడూ పట్టుకోలేదు. నా ఆట బాల్ బ్యాడ్మింటన్. పసుపు రంగు ఉన్ని బంతి, ఒక్కో జట్టుకి ఐదుగురు, మట్టి కోర్టు. కుర్రతనం నుంచి 44 ఏళ్లు వచ్చేదాకా మా ఐదుగురమూ ఒకే జట్టు. సంక్రాంతి పోటీలు, తీర్థాల పోటీలు ఏవీ వదల్లేదు. ఒక ఏడాది ఒక ఊళ్లో పోటీకి పేర్లిస్తే నిర్వాహకులు, "మాస్టారూ, మీరు పెద్దవాళ్లు, స్టేజీ మీద కూర్చోండి, బహుమతులు మీ చేతుల మీదుగా ఇప్పిద్దాం" అన్నారు. గౌరవంగానే అన్నారు. శాలువా కూడా కప్పారు. కానీ ఆ రోజుతో మా జట్టు అయిపోయింది. మాలో ఒకాయన ఇంటికొచ్చి బ్యాటుని అటక మీద పెట్టేశాడు, మళ్లీ దింపలేదు. తర్వాత మూడేళ్లకి షుగరు, ఆ తర్వాత గుండె. ఆయన ఇప్పుడు లేడు. ఆట మానేయడం వల్లే పోయాడని నేననను. కానీ ఆడుతూ ఉంటే ఇంకొన్నాళ్లు సంతోషంగా ఉండేవాడని మాత్రం గట్టిగా నమ్ముతాను.

2023లో అబ్బాయి ఒక వీడియో పంపాడు. బెర్న్‌హార్డ్ లాంగర్ అనే జర్మన్ ఆటగాడు 65 ఏళ్ల వయసులో ఇదే సీనియర్ ఓపెన్ గెలిచాడు. నాకంటే పెద్దవాడు. అతన్ని ఎవరూ స్టేజీ మీద కూర్చోమనలేదు. అప్పట్నుంచీ దీని గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

ఇప్పుడు నా ప్రశ్నలు. నా కుడి మోకాలు బాగా లేదు, అరగంట నిలబడితే వాస్తుంది. నాలుగు రోజులూ వెళ్లలేను. ఒక్కరోజే వెళ్తే ఏ రోజు మంచిది, ఎక్కడ కూర్చోవాలి, ఏం చూడాలి? ఇంకోటి. ఇది నిజమైన పోటీయేనా, లేక పాత గొప్పవాళ్లని గౌరవించడానికి పెట్టిందా? దీనికి మాత్రం మొహమాటం లేకుండా చెప్పండి.

—

భీమవరం టు కొలంబస్:

మాస్టారూ, నమస్తే అండి. నేను పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మీ అబ్బాయి ఉండే డబ్లిన్ నుంచి సయోటో ఇరవై నిమిషాల దారి.

రోజు సంగతి ముందు చెప్తాను. శుక్రవారం, జూలై 3న వెళ్లండి. మొత్తం 156 మంది మొదలుపెడతారు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో ముగించినవాడే ముందు. శుక్రవారం సాయంత్రానికి రెండు రౌండ్లు అయ్యాక మొదటి 60 మంది, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మాత్రమే మిగులుతారు. మిగతావాళ్లు పెట్టె సర్దుకోవాల్సిందే. ఆదివారం కప్పు కోసం ఆడేది ఐదారుగురైతే, శుక్రవారం మధ్యాహ్నం యాభై మంది ఒక్కొక్క దెబ్బ కోసం చెమటోడుస్తారు. టెన్షన్ చూడాలంటే అదే రోజు. శనివారం జూలై 4, ఇక్కడి స్వాతంత్ర్య దినం. పైగా ఈసారి 250వ ఏడు. ట్రాఫిక్ గురించి చెప్పక్కర్లేదు.

ఆ మైదానం గురించి కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. డొనాల్డ్ రాస్ గీసిన కోర్సు, 1916 నాటిది. 1926లో బాబీ జోన్స్ యూఎస్ ఓపెన్ గెలిచింది అక్కడే, అంటే ఈ ఏడుకి సరిగ్గా నూరేళ్లు. జాక్ నిక్లాస్ పదేళ్ల పిల్లాడిగా జాక్ గ్రౌట్ అనే గురువు దగ్గర ఆట నేర్చుకున్నదీ అక్కడే. ఆ పిల్లాడే తర్వాత 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీలు, గెలిచాడు. మీ డబ్లిన్‌లో ఉన్న మ్యూర్‌ఫీల్డ్ విలేజ్ కోర్సు కట్టించిందీ ఆయనే.

2016లో సయోటోలోనే ఈ పోటీ జరిగినప్పుడు జీన్ సాయర్స్ గెలిచాడు. 2011లో ఆయనకి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చింది. ఒళ్లంతా చర్మం కాలినట్టు ఊడిపోయే జబ్బు. బతకడమే కష్టం అనుకున్న మనిషి ఐదేళ్లకి ఒక్క దెబ్బ తేడాతో కప్పు ఎత్తాడు. ఇది గౌరవించడానికి పెట్టిన ఆటో కాదో మీరే చెప్పండి.

—

తణుకు రైతుబిడ్డ:

నేను కాస్త వేరేగా చెప్తాను, మాస్టారు ఏమీ అనుకోవద్దు. సీనియర్ టూర్‌లో, అంటే యాభై దాటిన ప్రొఫెషనల్ ఆటగాళ్ల టోర్నమెంట్ల వరసలో, మామూలు టోర్నమెంట్లు మూడు రోజులే, 54 హోల్స్ (బంతి వేయాల్సిన గుంతలు). చాలావాటిలో బండెక్కి తిరగొచ్చు, మధ్యలో ఇంటికి పంపడం కూడా ఉండదు. కోర్సు పొడవు కూడా కుర్రాళ్లకి ఇచ్చినంత ఇవ్వరు. కాబట్టి యాభై దాటినా అదే స్థాయి ఆట అనుకుని వెళ్తే నిరాశపడతారు.

—

భీమవరం టు కొలంబస్:

తణుకు అన్నగారు చెప్పింది మామూలు టోర్నమెంట్ల విషయంలో నిజమే. సీనియర్ ఓపెన్ అలా కాదండి. నాలుగు రోజులు, 72 హోల్స్, నడిచే ఆడాలి. 2018లో జాన్ డేలీ మోకాలి నొప్పి ఉందని బండి అడిగితే పోటీ నడిపే అమెరికా గోల్ఫ్ సంఘం, యూఎస్‌జీఏ, ఇవ్వలేదు. ఆయన పోటీ నుంచే తప్పుకున్నాడు.

పేరులో ఓపెన్ అని ఊరికే పెట్టలేదు. యాభై నిండి, ఆట స్థాయిని చూపే లెక్క (హ్యాండిక్యాప్) సరిపోతే, డబ్బు కోసం ఆడని అమెచ్యూర్ కూడా అర్హత పోటీ ఆడి రావచ్చు. పోయినసారి, 2025లో, పాడ్రిగ్ హారింగ్టన్ స్టూవర్ట్ సింక్ మీద ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. ఆ సింక్ ఎవరనుకున్నారు? 2009లో టర్న్‌బెరీలో 59 ఏళ్ల టామ్ వాట్సన్ బ్రిటిష్ ఓపెన్ గెలిచేస్తాడని లోకమంతా చూస్తుంటే ప్లేఆఫ్‌లో, అంటే స్కోర్లు సమానమైతే ఆడించే అదనపు ఆటలో, ఆయన్ని ఓడించిన మనిషి. అప్పుడు కుర్రాడు, ఇప్పుడు ఆయనే సీనియర్.

—

తాళ్లరేవు క్యాడీ:

మాస్టారండీ, నేను పదహారో ఏట విశాఖ వెళ్లి ఆరేళ్లు గోల్ఫ్ క్లబ్బులో బ్యాగులు మోశాను. ఆట చూడ్డం ఎలాగో నేను చెప్తానండి.

మొదట కొట్టే చోటుకి, అంటే టీ దగ్గరికి వెళ్లొద్దు. ఠప్ అని చప్పుడు వినిపిస్తుంది, బంతి ఆకాశంలో కలిసిపోతుంది, మీకేం కనపడదు. గ్రీన్ దగ్గర కూర్చోండి. అంటే జెండా పాతిన చోటు. ఒకే గ్రీన్ పక్కన గ్యాలరీలో నీడ చూసుకుని కూర్చుంటే 156 మందీ మీ ముందుకే వస్తారు. మీరు నడవక్కర్లేదు.

అక్కడ బంతిని చూడొద్దు, మనిషిని చూడండి. పట్, అంటే గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ, కొట్టే ముందు బంతి వెనక్కి వెళ్లి కూర్చుంటాడు, గుంత అవతలికి వెళ్లి ఇటు చూస్తాడు, పక్కకొచ్చి నిలబడతాడు. వాలు చదువుతున్నాడన్నమాట. మన రైతు దమ్ము చేశాక గట్టు మీద నిలబడి మడి వంక ఒక్క చూపు చూస్తే ఏ మూలకి నీరు చేరుతుందో చెప్పేస్తాడు కదండీ, అలాంటిదే. చూసేవాళ్లకి అంతా చదునుగానే ఉంటుంది. నేను ఆ పని తొందరగా పట్టుకున్నానని అక్కడ పెద్దాయన ఒకరు మెచ్చుకునేవారు. మాది నీళ్లు కట్టే ఇల్లండి, అందుకే పట్టుకోగలిగాను.

ఇంకో మాట. గడ్డి. మన వేడి ప్రాంతాల కోర్సుల్లో ఎక్కువగా ఉండేది బెర్ముడా గడ్డి. అది మన గరికేనండి, చవితికి వినాయకుడికి పెట్టే గరికే. ఒహాయో లాంటి చలి ప్రాంతాల్లో గ్రీన్‌కి బెంట్ గ్రాస్ అని ఇంకా సన్నటి గడ్డి వాడతారు. మూడు మిల్లీమీటర్ల దగ్గరికి కోసేస్తారు, బంతి గచ్చు మీద జారినట్టు జారుతుంది. అందుకే అంత మెల్లగా కొట్టాలి. ఆ మెల్లగా కొట్టడంలోనే వయసు బయటపడుతుంది. బలం ఉన్నా చెయ్యి వణికితే అంతే.

—

కాకినాడ ఫిజియో:

క్యాడీ తమ్ముడు ఆఖర్న చెప్పిన మాట దగ్గర నుంచి నేను అందుకుంటాను. మాస్టారూ, మీరు ఇష్టపడే లాంగర్‌కి సరిగ్గా ఆ చెయ్యి వణుకే వచ్చింది. పట్ కొట్టేటప్పుడు చెయ్యి మాట వినకపోవడాన్ని యిప్స్ అంటారు. ఆయనకి ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ పట్టు మార్చి, కర్ర మార్చి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని బయటపడ్డాడు. మధ్యలో 1985, 1993ల్లో మాస్టర్స్ అనే మేజర్ గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో పికిల్‌బాల్ అనే బ్యాటు ఆట ఆడుతుంటే మడమ పైన అకిలీస్ స్నాయువు తెగిపోయింది. మూడు నెలలకి మళ్లీ పోటీలో నిలబడ్డాడు. ఆ నవంబరులోనే, 67 ఏళ్ల వయసులో, సీనియర్ టూర్ టైటిల్ గెలిచాడు. ఇలాంటి గాయాలకి చికిత్స చేసే మనిషిగా చెప్తున్నాను, ఆ వయసులో అది మామూలు విషయం కాదు.

మీరు చూడాల్సింది వాళ్ల నడుము, తుంటి. వయసు పెరిగితే మెలి తిరిగే శక్తి తగ్గుతుంది. యాభై దాటినవాళ్లు దాన్ని ఎలా కాపాడుకుంటున్నారో ప్రాక్టీస్ రేంజ్ దగ్గర బాగా కనపడుతుంది. ఆట మొదలవడానికి ముందు వాళ్లు ఒళ్లు వెచ్చబెట్టుకునే తీరు మీలాంటి పీఈటీకి పాఠంలా ఉంటుంది. పొద్దున్నే అక్కడికి వెళ్లండి.

మోకాలికి ఇప్పటి నుంచే తొడ కండరాల వ్యాయామం మొదలుపెట్టండి. మెత్తటి బూట్లు వేసుకోండి, చెప్పులొద్దు. మడత కుర్చీ తేనిస్తారో లేదో, బ్యాగు ఎంత సైజుండాలో టికెట్‌తో వచ్చే నియమాల్లో అబ్బాయిని చూడమనండి.

—

కోనసీమ డ్రిల్ మాస్టారు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇన్ని సంగతులు చెప్తారని అనుకోలేదు.

తణుకు బాబూ, నువ్వు చెప్పింది నాకు నచ్చింది. కుర్రాళ్ల ఆటతో పోల్చడానికి నేను వెళ్లడం లేదు. ఎనిమిదో తరగతి పిల్లల పోటీని పదో తరగతి పిల్లల పోటీతో ఎవరూ పోల్చరు కదా. వయసుకి తగ్గ విభాగం పెట్టి, ఆ విభాగంలో ఎవరికీ సడలింపు ఇవ్వకపోతే అది నిజమైన పోటీయే. నేను 31 ఏళ్లు పిల్లలకి అలాగే పెట్టాను.

జాన్ డేలీ సంగతి చదివి మాత్రం చాలాసేపు ఆలోచించాను. నాదీ మోకాలే కాబట్టి ఆయన మీద జాలి కలిగింది. కానీ రిఫరీగా ఆలోచిస్తే, 155 మంది నడుస్తుంటే ఒకరికి బండి ఇవ్వడం నాకూ కష్టంగానే ఉండేది. వికలాంగుడికి ఇవ్వాలి, అందులో సందేహం లేదు. నొప్పికీ వైకల్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది తేలిక కాదు. స్కూల్లో నేను కొన్నిసార్లు ఆ గీత తప్పు చోట గీశాను. కాలు నొప్పన్న పిల్లాడిని వంక పెడుతున్నాడని పరిగెత్తించాను, తర్వాత చూస్తే ఎముక చిట్లింది. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

ఒక సంగతి చదివాను. ఈ పోటీ 1980లో మొదలైనప్పుడు 55 ఏళ్లు నిండాలి అన్నారట. మరుసటి ఏడాదే యాభైకి దించారు. ఆ ఏడాది ఆర్నాల్డ్ పామర్ గెలిచాడు. అంటే మొదట్లో వాళ్లకీ ఎక్కడ గీయాలో తెలియలేదు, ఆడుతూ సరిచేసుకున్నారు. మా తీర్థంలో బాల్ బ్యాడ్మింటన్‌కి 45 దాటినవాళ్ల విభాగం పెట్టమని అడగబోతున్నాను. జట్టుకి ఐదుగురు చాలు. నలుగురు ఊళ్లో ఉన్నారు, ఐదోవాడి చోటులో ఆయన కొడుకు ఆడతానన్నాడు, వాడికిప్పుడు 46.

మన దేశం వాళ్లెవరైనా ఉంటారా? జీవ్ మిల్కాసింగ్ ఈ వయసు వాడే కదా?

—

భీమవరం టు కొలంబస్:

అవునండి, 1971లో పుట్టారు. 2012 స్కాటిష్ ఓపెన్ గెలిచారు, ఇప్పుడు యూరప్ సీనియర్ టూర్‌లో ఆడుతున్నారు. జ్యోతి రంధావా కూడా యాభై దాటారు. అమెరికా సీనియర్ టూర్‌లో అర్జున్ అత్వాల్ ఉన్నారు. 2010లో సోమవారం అర్హత పోటీ ఆడి విండమ్ చాంపియన్‌షిప్‌లోకి వచ్చి, దాన్నే గెలిచి, అమెరికా ప్రధాన టూర్ అయిన పీజీఏ టూర్‌లో గెలిచిన మొదటి భారతీయుడయ్యారు. సీనియర్ ఓపెన్‌లో ఎవరెవరు ఆడతారో పూర్తి జాబితా పోటీ దగ్గరపడ్డాకే తేలుతుంది. రాగానే ఇక్కడే పెడతాను.

మాస్టారూ, జూలై 3న నేను సెలవు పెట్టాను. మీ అబ్బాయికి ఆఫీసు ఉంటే ఇబ్బంది పడొద్దు. పొద్దున్న ఆరింటికి మీ ఇంటికొస్తాను, ముందు ప్రాక్టీస్ రేంజ్, తర్వాత ఏదైనా ఒక గ్రీన్ దగ్గర సాయంత్రం దాకా కూర్చుందాం. వానొస్తే వేసుకోవడానికి రెయిన్‌కోటు తెచ్చుకోండి. 2016లో వాన వల్ల ఆఖరి రౌండు సోమవారానికి పోయింది. అడ్రసు ఇక్కడ రాయకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

—

కోనసీమ డ్రిల్ మాస్టారు:

పెట్టాను బాబూ. ఆరింటికి గేటు దగ్గర రెడీగా ఉంటాను. మా ఆవిడ ఇద్దరికీ పులిహోర కడతానంటోంది, లోపలికి తీసుకెళ్లనిస్తారో లేదో కనుక్కుని చెప్పు.