మార్చి 8 మహిళా దినోత్సవానికి మళ్ళీ ముగ్గుల పోటీయేనా? వేరే దేశాల్లో ఏం చేస్తారు?

కొర్లగుంట_పిల్ల: మా ఆఫీసులో ఈసారీ ముగ్గులు, పింక్ చీర, కేక్. కోసేది మాత్రం మేనేజర్ సారు. ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. బయట దేశాల్లో ఉండేవాళ్ళు అక్కడేం చేస్తారో చెప్పండి. బడ్జెట్ తక్కువ.

మిలాన్_మదనపల్లి: ఇటలీలో పసుపు రంగు మిమోసా కొమ్మలిస్తారు. 1946లో అక్కడి కమ్యూనిస్టు నాయకురాలు తెరెసా మత్తేయి వాళ్ళు మొదలుపెట్టారు. ఆ నెలలో పూస్తాయి, చవక కూడా. మన తుమ్మపూలకు దగ్గరి చుట్టాలే.

పుంగనూరు_బాబు: తుమ్మకొమ్మ ఇస్తే మా ఆవిడ దాంతోనే కొడుతుంది 😂

వోల్గా_డాక్టర్: రష్యాలో ఆ రోజు దేశమంతా సెలవు. పూలు సరిసంఖ్యలో ఇవ్వకండి, అవి చావులకి. మా క్లాసులో ఒకడు ఆరు గులాబీలు తీసుకెళ్ళి మేడమ్ చేత చీవాట్లు తిన్నాడు.

ఎస్వీయూ_హిస్టరీ: ఎం.ఏ. చదివినోణ్ణి కాబట్టి చెప్తున్నా, పూల గోల కాదిది. 1910లో కోపెన్‌హాగన్‌లో జర్మనీ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ ప్రతిపాదిస్తే మరుసటేడు జరిపింది మార్చి 19న. 8 అనేది 1917లో రష్యాలో పెట్రోగ్రాడ్ మిల్లు ఆడవాళ్ళు రొట్టె కోసం సమ్మెకి దిగిన రోజు, అక్కడి పాత క్యాలెండర్లో ఫిబ్రవరి 23. వాళ్ళు రొట్టె అడిగారు, మీరు కేక్ కోసుకోండి.

చిత్తూరు_నీలం: ఇవన్నీ మనకెందుకబ్బా? తిరుపతి గంగమ్మ జాతరలో మగోళ్ళే చీర కట్టి, పూలు పెట్టి మొక్కుతారు. ఆడవాళ్ళ జోలికొచ్చిన పాలెగాణ్ణి నరికిన తల్లి ఆమె. ఇంతకన్నా గౌరవం ఏ దేశంలో ఉంది?

తాతయ్యగుంట_వదిన: ఆ చీర ఎవరిది నాయనా? మా మరిది నా పెళ్ళి పట్టుచీర కట్టి, జాకెట్టు కుట్లన్నీ పిగిలించి, చెమట వాసనతో తెచ్చిచ్చాడు. అంబలి కాచేది నేను, ఫొటోల్లో ఆయన.

చిత్తూరు_నీలం: అమ్మవారి మొక్కుని ఎగతాళి చేయొద్దు.

తాతయ్యగుంట_వదిన: మొక్కునెవరన్నారు? మా మరిదిని అన్నా. నీకెందుకు పొడుచుకొచ్చింది, నువ్వూ ఎవరి జాకెట్టయినా చింపావా?

గంగజాతర_ఫ్యాన్: మాది తరాలుగా వేషం కట్టే ఇల్లు. మేం చీరలు సొంతంగా కొంటాం. వేషాల వరస తెలియనోళ్ళు మాట్లాడొద్దు. ముందు బైరాగి వేషం, తర్వాత...

షెన్‌జెన్_శీను: చైనాలో ఆడవాళ్ళకి ఆ రోజు సగం పూట సెలవు, రూల్సులోనే ఉంది.

పుంగనూరు_బాబు: వదినా, పట్టు జాకెట్టు రిపేరుకి మా వీధిలో మంచి టైలరున్నాడు.

కొర్లగుంట_పిల్ల: శీను అన్నా, సగం పూట సెలవు అడిగా. మధ్యాహ్నమంతా తీసుకుని ముగ్గులు బాగా వేయమన్నాడు సారు.

తాతయ్యగుంట_వదిన: బాబూ, ఆ టైలరు ఫాల్ కూడా కుడతాడా?