1919లో వద్దన్న అమెరికా సెనేట్ 1949లో ఎలా ఒప్పుకుంది?

చరిత్ర బాగా చదివినవాళ్లు కాస్త సాయం చేయండి. అమెరికా అధ్యక్షుడు విల్సన్ పట్టుబట్టి పెట్టించిన నానాజాతి సమితిలో (లీగ్ ఆఫ్ నేషన్స్) అమెరికా చేరనే లేదు. ఆ సమితి నిబంధనలున్న, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వర్సెయిల్స్ ఒప్పందాన్ని సెనేట్ 1919లో, మళ్లీ 1920లో తిరస్కరించింది. అదే సెనేట్ 1949లో నాటో సైనిక కూటమి ఒప్పందాన్ని 82–13 ఓట్లతో ఆమోదించింది.

పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి ఒక్కటే కారణమంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. 1941లో, యుద్ధంలో ఉన్న మిత్రదేశాలకు ఆయుధాలు, సరుకులు ఇచ్చే లెండ్-లీజ్ చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన మిచిగన్ సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గే 1948లో నాటోకు దారి వేసిన తీర్మానం పెట్టాడు. అంత గట్టి మనిషి ఎలా మారాడు? ఇదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. యుద్ధం గెలిచాక, పోయినసారిలాగే ఇంటికెళ్లి తలుపులేసుకోవచ్చు కదా! సోవియట్ భయమా, యూరప్ మార్కెట్లా, అణుబాంబా, ఏది ఎక్కువ పనిచేసింది? డిగ్రీ విద్యార్థులకు అర్థమయ్యే పుస్తకాలు, తెలుగులో ఉంటే మరీ మంచిది, దయచేసి చెప్పండి.